దూలం మీద దరువు

శివరాత్రి దగ్గరపడేసరికి సిద్దిపేట చుట్టుపక్కల గట్ల మీద మోదుగులు పూతకు వస్తాయి. ఆకు రాలిన చెట్ల మీద పిట్టలకు దాక్కునే చోటుండదు. ఏడాదంతా ఆకుల చాటున తిరిగే వడ్రంగిపిట్టను ఆ రోజుల్లో తేలిగ్గా చూడవచ్చు. బంగారు పసుపు వీపు, నల్లటి నడుము, నల్లటి గొంతు, నెత్తిన ఎర్రటి జుట్టు. మోదుగు పూల తేనె కోసం కొమ్మ కొమ్మా తిరుగుతుంది. పొద్దున ఎండ పడగానే తాటిమోడు మీద దరువు మొదలుపెడుతుంది. అప్పుడప్పుడు ఆ దరువు ఇంటి దూలం మీద వినిపిస్తుంది. ఇంటివాళ్ల కంగారు అక్కడ మొదలవుతుంది.

సిద్దిపేట పట్టణంలో ఇప్పుడు కట్టేవన్నీ స్లాబు ఇళ్లే. అయినా దుబ్బాక, చేర్యాల, హుస్నాబాద్ వైపు ఊళ్లలో పాత భవంతి ఇళ్లు ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి. నడుమ వాకిలి, చుట్టూ కట్టె స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద వాసాలు, పైన గూన పెంకలు. స్లాబు ఇంట్లోనూ దర్వాజ, కిటికీ చట్రాలు చాలాచోట్ల కట్టెవే. పశువుల కొట్టానికి వేప గుంజలు, వెదురు వాసాలు సరేసరి. వీటిలో ఎక్కడ చిల్లు కనబడినా, ఆ పక్కన వడ్రంగిపిట్ట వాలినా, నేరం పిట్ట మీదికే పోతుంది. పిల్లలు ఉండేలు అందుకుంటారు. అందరికీ వినబడేలా పనిచేసేది పిట్ట ఒక్కటే మరి. చప్పుడు లేకుండా తొలిచేవి వేరే ఉన్నాయి. మన ప్రాంతంలో ఇంటి కట్టెకు అసలు చేటు చేసేవి అవే. చాలావరకు పిట్ట వాటి వెనకాల వస్తుంది.

కాబట్టి పిట్టను తరిమే ముందు చిల్లును పరీక్షించాలి. ఒక స్కేలు, ఒక టార్చిలైటు చాలు.

చిల్లు వేలు పట్టేంత ఉండి, అంచు బరమాతో వేసినంత గుండ్రంగా ఉంటే అది నల్ల తుమ్మెద పని. వంగతోటలో, కందిచేలో, జనుము పూల మీద ఝుమ్మంటూ తిరిగే పెద్ద తుమ్మెదే ఇది. రెక్కలు ఎండలో నీలంగా, ఊదాగా మెరుస్తాయి. ఆడ తుమ్మెద దవడలతో ఎండుకట్టెను కొరుకుతుంది కానీ తినదు. కొరికిన పొట్టును వెనక్కి తోసేస్తుంది. దూలం అడుగు వైపు నుంచి కొంతదూరం నేరుగా లోపలికి వెళ్లి, అక్కడ మలుపు తిరిగి, కట్టె నార వెంబడి సొరంగం తవ్వుతుంది. సొరంగం చివర పుప్పొడి, తేనె కలిపిన ముద్ద ఉంచి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, నమిలిన పొట్టుతో అడ్డుగోడ కడుతుంది. మళ్లీ ఇంకో ముద్ద, ఇంకో గుడ్డు, ఇంకో గోడ. ఇలా వరసగా గదులు. చిల్లు కింద నేల మీద రంపపు పొట్టు లాంటిది కుప్పపడి ఉన్నా, చిల్లు అంచున పసుపుపచ్చ మరక కారి ఉన్నా లోపల కాపురం సాగుతున్నట్టే. అరుగు ముందు గాలిలో నిలిచి మనుషుల మొహం మీదికి దూసుకొచ్చేది మగ తుమ్మెద. దానికి కొండి లేదు, కుట్టలేదు.

ఆ గదుల్లో పుప్పొడి తిని బలిసిన పిల్లపురుగులు ఉంటాయి. వడ్రంగిపిట్టకు వాటికన్నా మంచి మేత దొరకదు. అది కట్టె పొడవునా ముక్కుతో మెల్లగా తట్టుకుంటూ పోతుంది. లోపల గుల్లగా ఉన్నచోట చప్పుడు మారుతుంది. అక్కడ ఆగి చీలుస్తుంది. శుభ్రమైన గుండ్రటి చిల్లు పక్కనే పీలికలు లేచిన పొడవాటి గాడి కనబడిందంటే ముందు తుమ్మెద, తర్వాత పిట్ట వచ్చినట్టు.

చిల్లులు గుండుసూది తల అంత ఉండి, వాటి కింద పిండి రాలుతుంటే అది పుచ్చు. వేళ్ల మధ్య నలిపితే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంటుంది. చెదకు చిల్లుతో పని లేదు. మట్టి గొట్టాలు కట్టుకుని, వెలుతురు తగలకుండా లోపలి నుంచి తింటుంది. రంగు వేసిన దర్వాజ పైకి చక్కగానే కనబడుతుంది, గోరుతో నొక్కితే లోపలికి దిగిపోతుంది.

పుచ్చుకు కావలసింది కట్టెలో నిలవ ఉండే పిండిపదార్థం. అది చెట్టు నడుమనుండే చేవలో ఉండదు, చుట్టూ ఉండే తెల్లకట్టెలో ఉంటుంది. టేకు చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంది, అది చెదలకు గిట్టదు. పాత వడ్రంగులకు ఈ రసాయనం పేరు తెలియకపోయినా చేవ ఎక్కడుందో తెలుసు. బాడిసతో తెల్లకట్టెను చెక్కేసి చేవనే స్తంభానికి వాడేవారు. వెదురు బొంగులను నెలల తరబడి చెరువులో నానేసేవారు. నీళ్లలో ఆ పిండిపదార్థం పులిసి, కరిగిపోయేది. ఇక కట్టెలపొయ్యి పొగ రోజూ వాసాలకు పట్టి పురుగును దూరంగా ఉంచేది. గ్యాసు వచ్చాక పొగ పోయింది, అది ఆడవాళ్ల ఊపిరితిత్తులకు మంచిదే జరిగింది. కానీ చేవ ముదరని తోట టేకును, సరిగా ఆరకముందే దర్వాజకు వాడటం వల్ల మాత్రం మనకు ఏ మేలూ లేదు. ఇలాంటి కట్టెకు పురుగు పట్టి, పురుగు కోసం పిట్ట వస్తే, తప్పు పట్టవలసింది కట్టె కొన్న తీరును.

అలాగని పిట్ట తనంతట తాను ఎన్నడూ కట్టెను కొట్టదని కాదు. తిండి ఒక కారణం, మరో రెండు ఉన్నాయి. ఒకటి దరువు. కోకిల కూసినట్టు వడ్రంగిపిట్ట ముక్కుతో చాటింపు వేస్తుంది. ఈ జాగా నాదని పోటీదారుకు, ఇక్కడున్నానని జోడుకు తెలియజేస్తుంది. దానికి కావలసింది బాగా మోగే వస్తువు. గుల్ల మోడు దొరికితే సరి, లేకపోతే రేకుల కప్పైనా, డిష్ యాంటెనా అయినా పనికొస్తాయి. ఈ దరువు వల్ల కట్టె మీద చిన్న చిన్న గుంటలు పడతాయి తప్ప నష్టం దాదాపు ఉండదు, జత కట్టే కాలం దాటగానే తగ్గిపోతుంది. రెండోది గూడు. ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు ద్వారం, లోపలికి వెళ్లాక కిందికి దిగే తొర్ర. ఇది నిజంగా పెద్ద చిల్లే. కానీ దీనికి మెత్తబడిన చచ్చిన కట్టె కావాలి. చేవ ఉన్న ఆరోగ్యమైన టేకు స్తంభాన్ని అంతలోతు తొలవడం పిట్టకు లాభసాటి పని కాదు. ఇంటి దూలంలో గూడు పెట్టిందంటే ఆ దూలం లోపల ఎప్పుడో కుళ్లిందని అర్థం. అలాంటి దూలం కింద మంచం వేసుకుని పడుకోకూడదు.

మన దగ్గర తరచుగా కనబడేవి రెండు రకాలు. మొదట చెప్పిన బంగారు వీపుది 26 నుంచి 29 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఊళ్లలో, తోటల్లో, పట్టణాల్లో కూడా బతకగల కొద్ది వడ్రంగిపిట్టల్లో ఇది ఒకటి. రెండోది చిన్నది, 17, 18 సెంటీమీటర్లకు మించదు. నలుపు తెలుపు చుక్కల ఒళ్లు, పసుపు నుదురు. తుమ్మ చెట్ల పొదల్లో, మెట్ట నేలల్లో తిరుగుతుంది. పక్షిశాస్త్రంలో దానికి మరాఠా ప్రాంతం పేరు పెట్టారు.

వడ్రంగిపిట్ట తల గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆ దెబ్బలకు మెదడు ఎలా తట్టుకుంటుందన్నది వైద్యులను కూడా చాలాకాలం ఆలోచింపజేసింది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ మే, ఆయన సహచరులు 1976లో లాన్సెట్ వైద్యపత్రికలో దీని మీద రాశారు. ఆ తర్వాత హైస్పీడు కెమెరాతో వడ్రంగిపిట్టను చిత్రించి 1979లో కొలతలు ఇచ్చారు. ముక్కు సెకనుకు 6, 7 మీటర్ల వేగంతో కట్టెను తాకుతుంది, అంటే గంటకు 22 నుంచి 25 కిలోమీటర్లు. ఆ వేగం ఒక్క క్షణంలో సున్నా అవుతుంది. అప్పుడు తల మీద పడే త్వరణం గురుత్వాకర్షణకు 600 నుంచి 1,500 రెట్లు. మనిషి తలకు దాదాపు 100 రెట్లు తగిలితేనే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. వడ్రంగిపిట్టకు తలనొప్పి ఎందుకు రాదో వివరించినందుకు 2006లో పరిశోధకుడు ఇవాన్ ష్వాబ్‌తో పాటు, అప్పటికే మరణించిన ఫిలిప్ మేకి కూడా ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది.

చాలాకాలం పుస్తకాలు చెప్పిన జవాబు ఒకటే. ముక్కుకూ మెదడుకూ నడుమ స్పాంజి లాంటి ఎముక ఉంది, అది దెబ్బను పీల్చుకుంటుంది అని. పాఠ్యపుస్తకాల్లో, హెల్మెట్ ప్రకటనల్లో కూడా ఈ మాటే తిరిగింది. 2022లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు సామ్ వాన్ వాసెన్‌బర్గ్ బృందం దీన్ని తిరగతోడింది. మూడు జాతుల వడ్రంగిపిట్టలు కట్టెను కొడుతుండగా హైస్పీడు కెమెరాలతో తీసి, ముక్కు మీదా తల మీదా ఎంచుకున్న బిందువులు ఎంత వేగంగా ఆగుతున్నాయో కొలిచారు. మధ్యలో మెత్త ఉంటే ముక్కు ఆగిన తర్వాత తల కొంచెం ఆలస్యంగా, నెమ్మదిగా ఆగాలి. అలా జరగలేదు. ముక్కు, పుర్రె ఒకేసారి, ఒకే తీరున ఆగాయి. ఆలోచిస్తే ఇదే న్యాయం. సుత్తి తలకు రబ్బరు తొడిగి మేకు కొడితే మేకు దిగదు, బలమంతా రబ్బరుకే పోతుంది. పిట్ట కూడా అంతే, దెబ్బను పీల్చుకునే తల ఉంటే అంత లోతు చిల్లు వేయడానికి ఇంకా గట్టిగా కొట్టవలసి వచ్చేది.

మరి మెదడు ఎలా బతుకుతోంది? చిన్నది కాబట్టి. పిట్ట మెదడు రెండు మూడు గ్రాములు, మనది సుమారు 1,400 గ్రాములు. వస్తువు పరిమాణం తగ్గే కొద్దీ బరువు ఘనంలో, ఉపరితలం వర్గంలో తగ్గుతాయి. అందువల్ల చిన్న మెదడు బరువుతో పోలిస్తే దాన్ని ఆనుకునే పుర్రె వైశాల్యం ఎక్కువ, లోపల పుట్టే ఒత్తిడి తక్కువ. ఇప్పటికన్నా రెట్టింపు వేగంతో కొడితేనో, కట్టెకన్నా నాలుగు రెట్లు గట్టి పదార్థాన్ని కొడితేనో తప్ప వాటికి మెదడు దెబ్బతినదని ఆ బృందం లెక్క తేల్చింది.

నాలుక కూడా చెప్పుకోదగ్గదే. దాన్ని మోసే సన్నటి ఎముకలు గొంతు దగ్గర మొదలై, పుర్రె వెనక నుంచి పైకి ఎక్కి, నెత్తి మీదుగా నుదుటి దాకా చుట్టుకుని ఉంటాయి. కండరాలు బిగిస్తే నాలుక ముక్కు దాటి చాలాదూరం బయటికి పొడుచుకొస్తుంది. తుమ్మెద సొరంగంలో మలుపు తిరిగాక దాక్కున్న పురుగు కూడా దానికి చిక్కుతుంది. చీమలను నాకేది ఆ నాలుకతోనే.

ఇప్పుడు నిజంగా కట్టె ఇళ్లున్న చోటికి వద్దాం. సిద్దిపేట జిల్లా నుంచి వెళ్లిన పిల్లలు టెక్సాస్, న్యూజెర్సీ, నార్త్ కరోలినా లాంటిచోట్ల ఇళ్లు కొనుక్కుంటున్నారు. ఆ ఇళ్ల గోడలు కట్టె చట్రాల మీద బిగించినవి, బయట దేవదారు చెక్కలో, ఫోము పలకల మీద పలచటి ప్లాస్టరో ఉంటుంది. తడితే డొల్లగా మోగుతాయి. లోపల పురుగు లేకపోయినా మోడు అనుకుని పిట్ట తొలుస్తుంది. అక్కడ ఇది పెద్ద ఖర్చుతో కూడిన సమస్య. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా చుట్టుపక్కల వెయ్యికి పైగా ఇళ్లను కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ముదురు కట్టె రంగు పూసిన చెక్క గోడలకు దెబ్బ ఎక్కువ, లేతరంగు పెయింటు వేసినవాటికి తక్కువ. తర్వాత తరిమే ఉపాయాలు పరీక్షించారు. ప్లాస్టిక్ గుడ్లగూబ, డేగ అరుపుల రికార్డులు, వేరేచోట మేత, కట్టి పెట్టిన గూడుపెట్టె అన్నీ చూశారు. వీటిలో కొంత నమ్మకంగా పనిచేసినవి గాలికి ఊగుతూ మెరిసే రిబ్బన్లు మాత్రమే. అవి కూడా అన్ని ఇళ్లలో పనిచేయలేదు.

గుడ్లగూబ బొమ్మ పనిచేయదంటే చాలామందికి నమ్మబుద్ధి కాదు. పిట్టకు కదలని వస్తువుల భయం కొద్ది రోజులే.

ఈ పక్షి తొలిచింది ఇళ్లను మాత్రమే కాదు. 1995 మే నెలాఖరులో ఫ్లోరిడాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రంలో డిస్కవరీ నౌక ప్రయోగ వేదిక మీద నిలబడి ఉంది. దాని పెద్ద ఇంధన ట్యాంకు చుట్టూ చలి కాపాడే ఫోము పొర ఉంటుంది. ఫ్లికర్లనే వడ్రంగిపిట్టలు ఆ ఫోములో గూటికోసం దాదాపు 200 చిల్లులు పెట్టాయి. వేదిక మీద మరమ్మతు చేయడం వీలుకాక జూన్ 8న నౌకను తిరిగి షెడ్డుకు తీసుకెళ్లారు. దాని వెనక వెళ్లవలసిన అట్లాంటిస్ నౌక ముందు వెళ్లిపోయింది. డిస్కవరీ జూలై 13న గాని లేవలేదు. అందులో ఒక్క పురుగు లేదు. మెత్తగా, నిలువుగా, ఎత్తుగా ఉంటే పిట్టకు మోడుగా కనబడుతుందన్నది ఈ సంఘటన చెప్పే సంగతి.

ఇక మన ఇంటికి వస్తే, చేయవలసిన పనికి వరస ముఖ్యం. మొదట పురుగు పని చూడాలి. పుచ్చుపట్టిన, రంగు వేయని కట్టెకు బోరాక్సు, బోరికామ్లం కలిపిన ద్రావణం రెండు మూడు పూతలు పూయాలి. రంగు ఉంటే ముందు గీకేయాలి, లేకపోతే మందు లోపలికి ఇంకదు. వంటింటికి, పశువుల కుడితి తొట్టికి దూరంగా ఈ పని చేయాలి. చెద గొట్టాలు కనబడితే నేలకు తగిలే కట్టెను ముందు చూడాలి. గుంజ అడుగున రాయో సిమెంటు దిమ్మెనో పెడితే చెదకు దారి పూర్తిగా మూసుకుపోదు, కానీ అది మన కంటికి కనబడేలా పైకి రావలసి వస్తుంది. తుమ్మెద చిల్లులను లోపలి పిల్లలు ఎగిరిపోయాక పూడ్చాలి. పొట్టు, జిగురు కలిపి కూరి, ఎండాక గరుకు కాగితంతో రుద్ది, వార్నిషో పెయింటో వేయాలి. చేర్యాల కళాకారులు బొమ్మలకు రంపపు పొట్టు, చింతగింజల గుజ్జు కలిపి ముద్ద చేస్తారు. వడ్రంగి దుకాణంలో ఫెవికాలుతో చేసే ముద్ద వెనకున్న ఆలోచన కూడా అదే. రంగు వేసిన నున్నటి కట్టెను తుమ్మెద అంతగా ఇష్టపడదు. తుమ్మెదను చంపే మందు వద్దు. వంకాయ పూలను గట్టిగా ఝుమ్మని కదిలించి పుప్పొడి రాల్చేది ఇలాంటి తుమ్మెదలే. కొట్టం వెనక కొన్ని ఎండు వెదురు బొంగులు కట్టి పెడితే అవి అటు పోవచ్చు.

పురుగు పోతే పిట్ట చాలావరకు తనంతట తానే పోతుంది. ఇంకా వస్తుంటే మొదటి వారంలోనే అడ్డుకోవాలి, అలవాటు పడ్డాక కష్టం. దూలం ముందు వలను కట్టెకు ఆనకుండా జానెడు దూరంలో బిగువుగా కట్టాలి. వదులు వలలో పిట్ట కాలు చిక్కి చస్తుంది. మెరిసే రిబ్బన్లు వేలాడదీయవచ్చు. కిటికీ అద్దంలో తన నీడను చూసి పోటీదారు అనుకుని కొడుతుంటే బయట నుంచి అద్దానికి పాత బెడ్‌షీటు కడితే చాలు. బంక రాయడం, విషం పెట్టడం, ఉండేలుతో కొట్టడం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వడ్రంగిపిట్టను చంపడం నేరం. అమెరికాలో ఉన్న పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి. అక్కడ 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం దాన్ని కాపాడుతోంది.

గూడు పెట్టేసి ఉంటే ఓపిక పట్టాలి. మన బంగారు వీపు పిట్ట ఫిబ్రవరి నుంచి జూలై లోపు మామూలుగా మూడు తెల్లటి గుడ్లు పెడుతుంది. సుమారు 11 రోజులు పొదుగుతుంది, ఆ తర్వాత సుమారు 20 రోజులకు పిల్లలు ఎగిరిపోతాయి. అంటే గుడ్డు పెట్టినప్పటి నుంచి నెల రోజుల పైచిలుకు. పిల్లలు లోపల ఉండగా చిల్లు పూడ్చడం వాటిని సజీవంగా గోడ కట్టేయడమే.

ఇంకో సంగతి చెప్పకుండా ఈ అధ్యాయం ముగించలేను. పిట్ట మన దూలానికి రావడానికి కారణం ఇంటి లోపలే కాదు, ఇంటి బయట కూడా ఉంది. దానికి కావలసిన మోడు బయట లేకుండా పోతోంది. పిడుగు పడి మొవ్వు ఎండిన తాడిచెట్టు ఒకప్పుడు ఏళ్ల తరబడి గట్టు మీద అలాగే నిలబడేది. ఇప్పుడు ఎండిన చెట్టు కనబడగానే రంపం వస్తుంది. 2015లో మొదలైన హరితహారం కింద మన జిల్లాలో మొక్కలు విరివిగా నాటారు. మంచి పని. కానీ నాటిన మొక్కకు తొర్ర రావాలంటే దశాబ్దాలు పట్టాలి. వడ్రంగిపిట్ట తాను తొలిచిన గూటిని ఒకటి రెండుసార్లు వాడి వదిలేస్తుంది. ఆ తర్వాత అందులోకి గోరింకలు, చిలుకలు, పైడికంటెలు చేరుతాయి. పాలపిట్ట తనంతట తాను కట్టెను తొలవలేదు. దక్షిణాదిలో అది తాటిమోళ్లలో వడ్రంగిపిట్టలు, పురుగులు చేసిన తొర్రల్లో గూడు పెట్టడం మామూలే. దసరా నాడు జమ్మికి పోయి పాలపిట్టను చూడాలని ఊరంతా బయలుదేరుతాం. 2014లో దాన్ని తెలంగాణ రాష్ట్రపక్షిగా ఎంచుకున్నాం. 2018లో ఆంధ్రప్రదేశ్ ఎంచుకున్న రామచిలుకకు కూడా తొర్ర కావాల్సిందే. రెండు తెలుగు రాష్ట్రాల పక్షులకూ ఇల్లు కట్టిపెట్టేవారిలో ఈ పిట్టే ముందుంటుంది.

గజ్వేల్ పక్కన ములుగులో అటవీ కళాశాల, పరిశోధనా సంస్థ ఉంది. అక్కడి విద్యార్థులు జిల్లాలో నిలబడి ఉన్న తాటిమోళ్లను, ఈదుమోళ్లను, వాటిలోని తొర్రలను, ఏ తొర్రలో ఏ పక్షి ఉందో ఒక సీజను లెక్కపెడితే ఎంతో ఉపయోగం. రైతులు చేయగలిగింది ఇంకా తేలిక. ఇంటి మీద, దారి మీద, కరెంటు తీగల మీద పడే ప్రమాదం లేని మోడు మీ గట్టు మీద ఉంటే దాన్ని కొట్టకండి. కొట్టక తప్పదనుకుంటే జూలై దాటే దాకా ఆగండి, కొట్టే ముందు ఒకసారి తట్టి చూడండి.